కళ్లంలో ఉన్న కోడలిని లేదన్నాను

ఆ మనిషి బండి మీద వచ్చేసరికి మేము మా ఇంటి పక్క కళ్లంలో మిరపకాయలు ఏరుతున్నాం. ఎండిన కాయలో తాలుకాయ వేరు చేయడం ఆడవాళ్ళ పని. తెల్లబడిందీ, మచ్చ పడిందీ పక్కకు తీసేసి ఎర్రటి కాయ మాత్రమే బస్తాలకు ఎత్తాలి. ఘాటుకు తట్టుకోలేక ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకుంటాం. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు వేసుకుంటాం. ఆ వేషంలో ఎవరు ఎవరో కొత్తవాడికి తెలియదు. కన్నతల్లి అయినా కళ్ళు చూసి పోల్చుకోవాల్సిందే.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఎదురింటి టీచరమ్మ రాస్తోంది. జరిగింది జరిగినట్టు రాయమ్మా, నా తరఫున మంచి మాటలు కలపొద్దు అని ముందే చెప్పాను.

వచ్చినవాడికి యూనిఫారం లేదు. హెల్మెట్ తీయకుండానే, చంకలో ఫైలు పెట్టుకుని అడిగాడు.

"ఏమ్మా, శ్రీలంక నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది ఈ ఇంట్లోనేనా?"

"ఉండేదయ్యా. ఇప్పుడు లేదు. వాళ్ళ దేశం పోయింది."

"ఎప్పుడు?"

"చాన్నాళ్ళయింది. ఇంక రాదు."

ఇంక రాదు అన్న మాట ఆయన అడగలేదు. నేనే కలిపాను.

ఆయన మిగతావాళ్ళ వైపు చూశాడు. పక్కింటి వదిన కాయలు ఏరుతూనే అందుకుంది. "పోయిందండీ బాబూ. మన తిండి పడలా ఆ పిల్లకి." ఆమె పక్కన కూర్చున్నావిడ ఇంకా ముందుకు పోయింది. "మొగుడి మీద అలిగి పోయిందండీ. మేమూ ఎంతో చెప్పి చూశాం." ఆయన వాళ్ళ పేర్లు అడిగి రాసుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఇంత మాట జరుగుతుంటే నా కోడలు నా పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో కూర్చుని ఉంది. ఒంటి మీద చనిపోయిన మా ఆయన చొక్కా. కళ్ళ కింద దాకా తువ్వాలు. ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. తరవాత మళ్ళీ కాయలు ఏరడం మొదలుపెట్టింది.

మా వీధిలో అది అలవాటు. కొత్త మనిషి కాగితం పట్టుకుని వచ్చి పేరు చెప్పి అడిగితే చాలు, ఆ పేరు గల మనిషి ఊళ్ళో ఉండడు. మోటార్లు తనిఖీ చేయడానికి కరెంటు వాళ్ళు వచ్చినా, ఎన్నికల తగాదాలో మగపిల్లలను పట్టుకుపోవడానికి పోలీసులు వచ్చినా ఒకటే జవాబు: ఊళ్ళో లేరు. ముందు ఎవరు ఏం చెబితే తక్కినవాళ్ళంతా అదే చెప్పాలి. ఎందుకని తరవాత అడుగుతారు. మా ఆయన బతికున్న రోజుల్లో ఒకసారి అటక మీద గోనెసంచుల వెనక దాక్కున్నాడు. ఆయన తుమ్మితే పిల్లి అని చెప్పాను. పిల్లి అంత గట్టిగా తుమ్మదని ఆ పోలీసుకు తెలియదో, తెలిసీ ఊరుకున్నాడో.

శ్రీలంక అన్న మాట చెవిన పడగానే ఆ పిల్లను పట్టుకుపోవడానికి వచ్చారనుకున్నాను. నా నోరు దానంతటదే ఆడింది. అందరికీ నేను చెప్పే కారణం ఇదే, అబద్ధమూ కాదు. కానీ ఇంక రాదు అన్నది అలవాటులోంచి రాలేదు. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

మా అబ్బాయి కువైట్‌లో డ్రైవరుగా చేసేవాడు. అదే ఇంట్లో ముసలావిడను చూసుకునే పని ఈ పిల్లది. ఇద్దరూ వాళ్ళ దేశం వెళ్ళి రిజిస్టరు పెళ్ళి చేసుకుని నాకు ఫోన్లో చెప్పారు. ఫోను పెట్టేసి గేదెకు గడ్డి వేయడానికి వెళ్ళాను. గేదెతో చెప్పుకుని ఏడ్చాను, మనుషులతో చెప్పుకోవడానికి సిగ్గేసి. కులం ఏంటని అడిగితే ఏం చెప్పను? గోత్రం ఏంటంటే ఏం చెప్పను? కొన్నాళ్ళకు ఇద్దరూ ఇక్కడికే వచ్చేశారు. వాడు గుంటూరు యార్డుకు మిర్చి లారీ తోలుతాడు. వాళ్ళకు ఒక ఆడపిల్ల.

ఊరు ఊరుకుంటుందా? మొదటి వారమే వదిన అందరి ముందూ అంది. "సీతమ్మను వాళ్ళు ఎత్తుకుపోయారు, మీవాడు వాళ్ళ పిల్లను ఎత్తుకొచ్చాడు. ఇన్నాళ్ళకు చెల్లుకు చెల్లయిందమ్మా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఇంకా అంటారని. ఇంటికొచ్చి ఆ కోపం కోడలి మీద తీర్చుకున్నాను. పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళినప్పుడు ఎవరీ అమ్మాయి అంటే "మావాడి భార్య" అనేదాన్ని. నా కోడలు అని నోరారా అన్న గుర్తు లేదు. వాళ్ళమ్మ పెట్టిన పేరు పొడుగ్గా ఉందని నేనే ఇంకో పేరు పెట్టి పిలిచాను.

ఆమె కూడా నోట్లో నాలుక లేని మనిషేం కాదు. కూరలో కొబ్బరిపాలు పోసిందని ఒకనాడు గిన్నె విసిరేస్తే నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. "మీ ఊళ్ళో నీళ్ళు లేవు, నీడ లేదు, కారం ఒక్కటే ఉంది. దానికే ఇంత పొగరా అత్తమ్మా?" తెలుగు నా దగ్గరే నేర్చుకుంది కాబట్టి తిట్లూ నావే. అలాంటి గొడవల్లో పో, మీ దేశం పో అని ఎన్నిసార్లు అన్నానో. అమరావతి వెళ్ళినప్పుడు అమరేశ్వరుడి ముందు నిలబడి, ఈ పిల్ల తనంతట తానే వెళ్ళిపోతే కొబ్బరికాయలు కొడతానని మొక్కుకున్నాను కూడా. అప్పుడు ఆమె అక్కడే బుద్ధుడి స్తూపం దగ్గర చెప్పులు విడిచి కూర్చుని ఉంది. రాళ్ళ దగ్గర ఏం పని, బస్సు పోతుంది లెమ్మని కసిరాను. ఆ రాళ్ళు వాళ్ళకు మన గుడి లాంటివని తరవాత మావాడు చెప్పాడు.

ఏటా వీసా పొడిగించుకోవడానికి ఇద్దరూ గుంటూరు పోలీసు ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు. ఆ కాగితం చేతికి వచ్చేదాకా వాడికి అన్నం సయించేది కాదు. ఏడేళ్ళు ఈ దేశంలో ఉంటే ఇక్కడి పౌరసత్వానికి పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారు. పెట్టారు. ఎంక్వైరీకి వస్తారమ్మా, అడిగింది చెప్పు అని వాడు నాతో అననే అన్నాడు. ఎంక్వైరీ అంటే జీపు వస్తుందని, టోపీలు పెట్టుకున్నవాళ్ళు దిగుతారని అనుకున్నాను.

ఆ సాయంత్రం వాడు లారీ నిలిపి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, నేను పెద్ద ఘనకార్యం చేసినట్టు చెప్పాను. ఎవడో వచ్చాడురా, పంపించేశాను అని. వాడి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"అమ్మా, నీకేమన్నా బుద్ధుందా? ఆయన వచ్చింది దీనికోసమే!"

"నాకేం తెలుసురా? టోపీ లేదు, జీపు లేదు."

"ఎంక్వైరీ వాళ్ళు బ్యాండుమేళంతో వస్తారా? ఏడేళ్ళ నుంచి ఇక్కడే ఉంటోందని ఆయన రాస్తేనే కాగితం ముందుకు పోయేది. లేదని రాసుకుపోయాడు. ఇప్పుడు పౌరసత్వం సంగతి దేవుడెరుగు, ఊళ్ళో లేని మనిషికి వీసా మాత్రం ఎవడు పొడిగిస్తాడు? పొమ్మంటే పోవాలి. పిల్లది ఇక్కడ, తల్లి అక్కడ!"

వాడు పెళ్ళాం వైపు తిరిగాడు.

"నువ్వేం చేస్తున్నావక్కడ? నోరు పడిపోయిందా? గుడ్డ తీసి నేనే అనొచ్చుగా?"

ఆమె పిల్లకు అన్నం కలుపుతోంది. తల ఎత్తలేదు.

"అత్తమ్మ లేదు అన్నాక నేనెట్లా లేస్తాను? అందరి ముందూ అత్తమ్మ అబద్ధాలకోరు అయిపోదా?" అంది. పిల్లకు ముద్ద పెట్టి, "ఇంక రాదు అని కూడా అంది. నిజంగానే పంపించేస్తుందేమో అనుకున్నాను" అంది.

ఫిర్యాదు చేసినట్టు అనలేదు. వాన వచ్చేట్టుంది అన్నట్టు అంది. తిట్టి ఉంటే బాగుండేది. మా ఇద్దరికీ తిట్టుకోవడం అలవాటే. తిడితే నేనూ తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాను. అన్నానికి పిలిచింది కూడా ఆమే.

మర్నాడు ముగ్గురం గుంటూరు వెళ్ళాం. ఆఫీసులో బల్ల మీద చాలాసేపు కూర్చోబెట్టారు. హెల్మెట్ లేకుండా చూస్తే ఆయనది మావాడి వయసే.

"నిన్న లేదని చెప్పింది మీరేగా?"

"నేనేనయ్యా. అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"భయమేసింది."

"పోలీసంటే భయమా, కోడలంటే భయమా?"

పక్క బల్ల దగ్గర రాసుకుంటున్నాయన ఫక్కున నవ్వాడు.

"సరే, మరి నేనొచ్చినప్పుడు ఈమె ఎక్కడుంది?"

"నా పక్కనేనయ్యా."

"పక్కన అంటే? ఇంట్లోనా?"

"కళ్లంలోనే. కాయలు ఏరుతోంది. ముఖానికి గుడ్డ కట్టుకుని ఉంది."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "అంటే నా కళ్ళ ముందు కూర్చోబెట్టి నాకే లేదని చెప్పారా? మీ వీధి మొత్తం కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారా?" అన్నాడు. మావాడు లేచి, సార్ సార్, పల్లెటూరి మనిషి సార్ అని చేతులు పట్టుకోబోయాడు. ఆయన విదిలించుకున్నాడు. ఎదిగిన నా కొడుకు నా మూలంగా ఒకడి ముందు అలా వంగి నిలబడటం చూశాను. అది చూడటం కంటే కళ్ళలో కారం పడితే నయం.

చివరికి ఆయనే మెత్తబడ్డాడు. "మీ ఒక్కరి మాట ఇంక నాకు చెల్లదమ్మా. నిన్న ఎవరెవరు లేదన్నారో వాళ్ళ పేర్లు నా దగ్గరున్నాయి. వాళ్ళే నా ముందుకొచ్చి ఉంది అని చెప్పాలి. ఈ వారంలో వస్తాను. అప్పుడు కూడా తేడా వస్తే రాసింది రాసినట్టు పైకి పోతుంది."

బయటికి వచ్చాక మావాడు బ్రాడీపేటలో వకీలును కలిసి వస్తానని ఆటో ఎక్కాడు. మేమిద్దరం జిరాక్సు షాపు మెట్ల మీద కూర్చున్నాం. ఆమె నిమ్మసోడా కొనుక్కొచ్చి నా చేతికిచ్చింది. తనకు కొనుక్కోలేదు. తప్పయిందమ్మాయ్ అందామని నోరు తెరిచాను. "సోడా బాగుంది" అన్నాను.

ఊరొచ్చాక ఇల్లిల్లూ తిరిగాను. ఇన్నేళ్ళలో ఎవరి గుమ్మంలోనూ ఏదీ అడిగి నిలబడిన మనిషిని కాను. ముందు వదిన ఇంటికే వెళ్ళాను.

"నువ్వు లేదంటే లేదన్నాం. ఇప్పుడు ఉందంటే ఉందనాలా? మేమేమన్నా నీ కాడ పాలేళ్ళమా వదినా?" అంది మంచం మీంచి లేవకుండానే.

"తప్పయింది వదినా."

ఆమె లేచి కూర్చుని వీధిలోకి కేకేసింది. "ఒసేయ్, ఈవిడ తప్పయింది అంటందే! వాన పడుద్ది, కళ్లంలో కాయలు కప్పుకోండే!"

నాలుగిళ్ళ వాళ్ళూ బయటికొచ్చారు. నవ్వులు. ఒకావిడ, మొన్న మొగుడి మీద అలిగి పోయిందని చెప్పినావిడే, కొంగు అడ్డం పెట్టుకుని అడిగింది. "అయితే అమరావతిలో కొట్టే కొబ్బరికాయలు ఇంక లేనట్టేనా అక్కా?"

ఆ మొక్కు సంగతి ఒకప్పుడు కళ్లంలో నేనే గొప్పగా చెప్పాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే మా గుమ్మంలో చీపురు పట్టుకుని నా కోడలు నిలబడి ఉంది. విన్నదో లేదో నేను అడగలేదు. వినకుండా ఎలా ఉంటుంది, మా వీధిలో గుసగుస కూడా మైకులో చెప్పినట్టే ఉంటుంది.

వస్తామనే చెప్పారందరూ. కానీ ఊరికే రాలేదు, ఒక్కొక్కరూ ఒక్కో మాట అనే వచ్చారు. అననీ అనుకున్నాను. నేను అన్నవాటికంటే ఎక్కువేం కాదు.

ఆయన అన్నట్టే వచ్చాడు. ఈసారి మావాడు మా పంచలో కుర్చీ వేసి ఫ్యాను పెట్టాడు. కోడలు కొత్త చీర కట్టుకుని ద్వారబంధం పక్కన నిలబడింది. ఆడవాళ్ళంతా వరసగా కూర్చున్నారు. ఆయన పేరు పేరునా పిలిచి అడిగాడు. మొదట వదినను.

"ఈ అమ్మాయి ఎప్పటినుంచి ఉంటోంది ఇక్కడ?"

"ఏడేళ్ళు దాటిందండీ. ఎట్టా గుర్తంటారా? అప్పటినుంచే మా ఇంట్లో కోడి అక్కర్లేకపోయింది. వీళ్ళ అత్తాకోడళ్ళ కేకలకే మేం నిద్రలేచేది."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాపుకుంటూ రాసుకున్నాడు.

"మరి మొన్న లేదన్నారే?"

"ఆమె లేదంది కాబట్టి లేదన్నాం. మా వీధిలో అంతేనండి."

అందరిదీ అయ్యాక ఫైలు మూశాడు. అయిపోయిందనుకున్నాను. లేవబోతూ నన్ను అడిగాడు. "ఇది రాయడానికి కాదమ్మా, ఊరికే అడుగుతున్నాను. ఈ అమ్మాయి ఇక్కడ ఉండటం మీకు ఇష్టమేనా?"

ఇష్టమే అంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ అక్కడ కూర్చున్నవాళ్ళందరికీ నా సంగతి తెలుసు. ద్వారబంధం దగ్గర ఉన్న మనిషికి ఇంకా బాగా తెలుసు. మళ్ళీ అబద్ధం ఆడినట్టు ఉంటుందని భయపడ్డాను.

"మొదట్లో లేదయ్యా" అన్నాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఆమె లేకపోతే నాకు అన్నం పెట్టేవాళ్ళు లేరు."

"అన్నానికేనా వదినా?" అంది పక్కింటామె. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాకు ఇంకో మాట దొరకలేదు. నోటి నిండా తిట్లున్న మనిషిని, ఒక మంచి మాట కావాల్సి వచ్చేసరికి వెతుక్కున్నాను. కోడలు లోపలికి వెళ్ళి ఆయనకు మజ్జిగ తెచ్చింది. ఆయన తాగి, కారం ఎక్కువైందమ్మా అన్నాడు. మజ్జిగలో కూడా పచ్చిమిర్చి నూరి కలపడం నా దగ్గర నేర్చుకున్నదే.

ఆ తరవాత చాలాకాలం ఏమీ తెలియలేదు. కాగితం ఢిల్లీ పోయిందన్నారు. పోస్టు మనిషి వీధిలోకి వస్తే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలో నిలబడేదాన్ని. నేనన్న మాట ఆ ఫైల్లో ఎక్కడో ఒక మూల ఉండిపోయిందేమో, అది చూసి ఎవరైనా కొట్టేస్తారేమో అని. ఎవరికీ చెప్పలేదు. గుడికి వెళ్ళడానికి కూడా మొహం చెల్లలేదు. అదే దేవుణ్ణి అటు అడిగి, ఇటు ఎలా అడగను?

పౌరసత్వం ఇస్తామని జాబు వచ్చింది. కానీ ముందు సొంత దేశం వదులుకున్నట్టు కాగితం చూపించాలట. చెన్నైలో వాళ్ళ దేశం ఆఫీసు ఉంది. మావాడు తీసుకెళ్ళాడు. పాస్‌పోర్టు అక్కడ ఇచ్చేసేటప్పుడు, బాగా ఆలోచించుకున్నావా అని వాళ్ళ భాషలో అడిగారట. తల ఊపిందట. తిరిగొచ్చాక పంచలో కూర్చుని వాళ్ళమ్మకు వీడియో ఫోను చేసింది. నేను పక్కనే చింతపండు గింజలు తీస్తున్నాను. ఆవిడా నాలాగే మొగుడు పోయిన మనిషి. ఫోనులో నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, తన పిల్లను నాకు అప్పజెప్పినట్టు. కళ్లంలో నేనన్న మాట ఆవిడకు తెలియదు. కూతురు చెప్పలేదు. నేనూ చేతులు జోడించాను. చేతులకు చింతపండు అంటుకుని ఉంది, అదే సాకుగా తొందరగా దించేశాను.

ప్రమాణం చేయించే రోజున కలెక్టరాఫీసుకు నన్నూ రమ్మన్నారు. నేనెందుకు అన్నాను. "మీరు రాకపోతే అత్తమ్మ ఊళ్ళో లేదు అని చెప్పాల్సి వస్తుంది" అంది కోడలు. ఆ సంగతి మీద ఆమె అన్న ఎత్తిపొడుపు మాట అదొక్కటే. మావాడు నవ్వాడు. నేను లేచి చీర మార్చుకున్నాను.

లోపల ఒక అధికారి ఒక్కో ముక్కా చదువుతుంటే ఆమె నిలబడి తిరిగి చెప్పింది. ఈ దేశానికి కట్టుబడి ఉంటానని. ఎక్కడా తడబడలేదు. ఏ ప్రమాణం లేకుండా పుట్టి పెరిగినదాన్ని నేను, కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. సర్టిఫికెట్ ఇచ్చాక అక్కడున్న ఒకాయన నా దగ్గరికి వచ్చి, పెద్దమనసుతో ఈ అమ్మాయిని ఇంట్లో పెట్టుకున్నారమ్మా అన్నాడు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. పక్కకు తిరిగి చూస్తే ఆమె వింటోంది.

బయట చెట్టు కింద నిలబడ్డాం. మావాడు బండి తేవడానికి వెళ్ళాడు. ఆమె సర్టిఫికెట్ సంచిలో పెట్టి జిప్పు వేసి, చెయ్యి తీయకుండా దాని మీదే ఉంచింది.

"అత్తమ్మా, మా అమ్మను చూడాలంటే ఇక నేను వీసా అడగాలి" అంది నవ్వుతూ. నవ్వుతూనే ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ మీ దేశం పో, మీ దేశం పో అన్నానే గానీ, ఆ దేశంలో వీళ్ళది ఏ ఊరో నేను ఒక్కనాడూ అడగలేదు.

"మీ ఊరి పేరేంటమ్మాయ్?" అన్నాను.

చెప్పింది. నాకు నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పింది. సగం వరకు అనగలిగాను. అక్కడ సముద్రం ఉందా అంటే, లేదు, చెరువు ఉంది, తామరపూలు ఉంటాయి, మా నాన్న పడవ వేసేవాడు అంది. మావాడు బండి తెచ్చి హారన్ కొట్టాడు. ఆగరా అన్నాను. ఆ పేరు నోటికి వచ్చేదాకా ఎక్కకూడదనుకున్నాను. వెనక నుంచి ఎవరో బండి తియ్యమని కేకలేస్తున్నారు. ఇంకోసారి చెప్పమ్మా అన్నాను.